పిట్టకు ముద్దులు, బదనికకు మచ్చుకత్తి

కడపలో మిద్దెతోటలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది. ఈమధ్య అందులో ఒకే వారంలో రెండు వీడియోలు వచ్చాయి. మొదటిదాంట్లో బొటనవేలంత పిట్ట ఒకటి పండు మింగి, కొమ్మ మీద పక్కకు తిరిగి కూర్చుని, వెనకభాగాన్ని బెరడుకు రుద్ది ఎగిరిపోతుంది. వెనకాల వీణ వాయిద్యం, కింద ‘ప్రకృతి నియమించిన రైతు’ అని శీర్షిక. రెండోదాంట్లో ఒక మనిషి మామిడి చెట్టెక్కి, కొమ్మల మీద మొలిచి బతికే బదనిక అనే మొక్కను నరికి కింద పడేస్తుంటే, ‘ఇది మీ చెట్టు రక్తం తాగే రాక్షసి’ అని ఒక గొంతు ఉరుముతుంటుంది. రెండింటి కిందా అవే పేర్లు, అవే దండాలు, అవే ఎర్ర గుండెకాయ బొమ్మలు.

మొదటి వీడియోలో పిట్ట అంటించిన విత్తనం, రెండో వీడియోలో నరికిన మొక్క ఒకటేనని రాశాను. ‘పిట్టకేం తెలుసు మేడం, పాపం’ అని ఒకాయన జవాబిచ్చారు. మరి మొక్కకు మాత్రం ఏం తెలుసు అని అడగాలనిపించింది కానీ, గ్రూపులో పొద్దున్నే గొడవెందుకని ఊరుకున్నాను. ఇక్కడ అడ్డు చెప్పేవాళ్ళు లేరు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

పిట్టకు, బదనికకు మనం వేర్వేరు కొలతలు వాడుతున్నాం. పిట్టను దాని ముద్దుతనంతో కొలుస్తాం, బదనికను మనకయ్యే నష్టంతో కొలుస్తాం. రెండింటికీ ఒకే కొలత పెట్టి, ఏది ఎంత తీసుకుంటోంది, ఎంత తిరిగి ఇస్తోంది అని లెక్క కడితే పిట్ట అంత పుణ్యాత్మురాలేమీ కాదు, బదనిక అంత పాపిష్టిదీ కాదు. ఇదీ నా వాదన. మామిడి రైతు దగ్గర ఈ మాట అంటే ఏమవుతుందో నాకు తెలుసు. అక్కడికీ వస్తాను.

బదనిక చేసేదేమిటి

బదనికకు పచ్చటి, దళసరి ఆకులుంటాయి. తన తిండి తానే ఎండలో తయారు చేసుకుంటుంది. ఆశ్రయమిచ్చిన చెట్టు నుంచి ముఖ్యంగా తీసుకునేది నీళ్ళు, ఆ నీళ్ళలో కరిగిన లవణాలు. అందుకే దీన్ని వృక్షశాస్త్రంలో అర్ధ పరాన్నజీవి అంటారు. ఆకూ అలమూ లేకుండా దారాల్లా అల్లుకుని మొత్తం ఇంకొకరి మీదే బతికే సీతమ్మ పోగునూలును రాక్షసి అంటే కొంత అర్థముంది. బదనిక సంగతి వేరు. రాత్రికి రాత్రి మున్సిపాలిటీ మెయిన్ పైపుకు బెజ్జం వేసి ఇంటికి లైను లాక్కునేవాళ్ళు మా వీధిలో ఉన్నారే, అలాంటి పని ఇది. పొయ్యి సొంతం, నీళ్ళు మాత్రం పక్కవాళ్ళవి.

ఆ బెజ్జం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడాలంటే నరికిన కొమ్మను చేతిలోకి తీసుకోవాలి. అతుకు దగ్గర నిమ్మకాయంత బుడిపె ఉంటుంది. కత్తితో నిలువునా చీలిస్తే మామిడి చెక్క ఎక్కడ ఆగిందో, బదనిక చెక్క ఎక్కడ మొదలైందో రంగును బట్టి తెలుస్తుంది. బుడిపె దగ్గరే కథ అయిపోదు. అక్కడినుంచి సన్నటి వేళ్ళు బెరడు మీద పాక్కుంటూ పోయి, కొంత దూరంలో మళ్ళీ చెక్కలోకి దిగుతాయి. బదనికను మాత్రమే లాగేసి కొమ్మను వదిలేస్తే తిరిగి చిగురించేది వీటివల్లే.

మనలాంటి కరువు సీమలో దీనివల్ల జరిగే నష్టం తక్కువేం కాదు. ఎండలు ముదిరి నేలలో తడి తగ్గినప్పుడు మామిడి చెట్టు ఆకుల రంధ్రాలు మూసుకుని నీళ్ళు పొదుపు చేసుకుంటుంది. బదనికకు ఆ పొదుపు అంతగా పట్టదు, ఆవిరి వదులుతూనే ఉంటుంది. బుడిపెకు అవతల ఉన్న కొమ్మకు నీళ్ళు అందక, కొస నుంచి వెనక్కి ఎండుకుంటూ వస్తుంది. కొన్నాళ్ళకు కొమ్మ మీద మామిడి ఆకు ఒక్కటీ ఉండదు, అన్నీ బదనిక ఆకులే. ఇదంతా ఒప్పుకునే నేను వాదిస్తున్నాను.

పిట్ట లెక్క

ఆ పిట్టను ఇంగ్లీషులో టికెల్స్ ఫ్లవర్‌పెకర్ అనేవాళ్ళు, ఇప్పటి పుస్తకాల్లో పేల్-బిల్డ్ ఫ్లవర్‌పెకర్. పొడవు 8 సెంటీమీటర్లు, బరువు పది గ్రాములు కూడా ఉండదు. మన దేశంలోని అతి చిన్న పిట్టల్లో ఒకటి. మట్టిరంగు ఒళ్ళు, కొద్దిగా వంగిన లేతరంగు ముక్కు. కడపలో వేప, కానుగ, మామిడి ఉన్న ప్రతి వీధిలోనూ ఉంటుంది. చిక్ చిక్ మని విసుగూ విరామం లేకుండా అరుస్తూనే ఉన్నా ఎవరూ తలెత్తి చూడరు. పాటపిట్టల వర్గంలోదే కానీ దాని పాట గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గూడు గురించి మాత్రం చెప్పుకోవచ్చు. దూది, సాలెపురుగు దారాలు కలిపి అల్లిన చిన్న సంచీ, పక్కన ఒక తలుపు. ఆకుల మధ్య వేలాడుతుంటే ఎండుటాకు అనుకుని వెళ్ళిపోతాం.

బదనిక పండు ఈ పిట్టకు ఇష్టమైన తిండి. పండులో ఒకటే గింజ, దాని చుట్టూ బంక. వేళ్ళ మధ్య నలిపి దూరం జరిపితే తీగలా సాగుతుంది, ఎంత కడిగినా ఒక పట్టాన పోదు. పిట్ట కడుపు కూడా ఈ పండుకు తగ్గట్టే ఉంటుంది. పురుగులు తిన్నప్పుడు అవి కండరాల సంచీలోకి పోయి నలుగుతాయి. పండు తింటే ఆ సంచీ పక్కనుంచి నేరుగా పేగులోకి జారిపోతుంది. కొన్ని నిమిషాల్లోనే గింజ బంకతో సహా బయటికి వస్తుంది. అది తోకకు అంటుకుని వేలాడుతుంది కాబట్టి పిట్ట కొమ్మ మీద అడ్డంగా తిరిగి రుద్ది వదిలించుకుంటుంది. వీడియోవాళ్ళు వీణ వాయించింది ఈ రుద్దుడుకే.

ఆ గింజ నేల మీద పడితే దానికి బతుకు లేదు. బతికున్న కొమ్మ మీదే, అదీ మరీ లావు కాని కొమ్మ మీద పడాలి. పిట్ట సరిగ్గా అలాంటి కొమ్మల మీదే వాలుతుంది. ఒకసారి మా మిద్దె మీద బట్టలారేసే తీగకు ఇలాంటి గింజలు పూసల్లా అంటుకుని ఉన్నాయి. అవి తీగ మీదే మొలకెత్తాయి. ఆకుపచ్చటి మొలక ఒకటి బయటికి వచ్చి, వెలుతురుకు పెడముఖం పెట్టి తీగ వైపే వంగి, బెరడు కోసం వెతుక్కుని, అక్కడ ఇనుమే ఉండేసరికి రెండు వారాల్లో వడలి రాలిపోయింది. మొలకెత్తడానికి దానికి చెట్టు అక్కర్లేదు, ఆ తర్వాత బతకడానికే కావాలి. ఆ చెట్టును వెతికి పెట్టేది పిట్ట.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందీ కాదు. 1931లోనే పక్షి శాస్త్రవేత్త సలీం అలీ బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో, కొంకణ్ ప్రాంతంలో ఈ మొక్క వ్యాపించడంలో తేనెపిట్టల పాత్ర ఏమిటి, ఫ్లవర్‌పెకర్ల పాత్ర ఏమిటి అని ఒక వ్యాసం రాశారు. పిట్టలంటే ప్రాణం పెట్టిన మనిషి. అయినా మామిడిని పట్టి పీడించే మొక్కకు పిట్టలే సాయం చేస్తున్నాయని రాయడానికి వెనకాడలేదు. మన వీడియోవాళ్ళకు లేనిది ఆ నిక్కచ్చితనమే.

పనిలో వాటాలు కూడా ఉన్నాయి. బదనిక పువ్వు పొడుగాటి గొట్టం, నారింజ ఎరుపు రంగు. నిండుగా ఉబ్బిన మొగ్గను కొసన వేలితో నొక్కితే టప్పున విచ్చుకుని పుప్పొడి చిమ్ముతుంది. అంత పొడుగు గొట్టానికి సరిపోయే ముక్కు తేనెపిట్టది, అందుకే పూల పని ఎక్కువగా అది చూసుకుంటుంది. పండ్ల పని ఫ్లవర్‌పెకర్‌ది. పొట్టి పూల బదనిక జాతుల్లో రెండు పనులూ ఫ్లవర్‌పెకరే చేస్తుంది. 1980ల మొదట్లో నీలగిరుల్లో ప్రియా దావిదార్ అనే పరిశోధకురాలు పరిశీలించినప్పుడు, అలాంటి కొన్ని జాతుల్లో విచ్చుకోబోయే మొగ్గ అచ్చం పండులాగే కనిపిస్తుందని తేలింది. పండ్లు తినే పిట్టను పువ్వు దగ్గరికి రప్పించడానికి పువ్వే పండు వేషం వేసుకుందన్నమాట. ఇంత పొత్తు ఉన్న రెండింటిలో ఒకదాన్ని దేవతను చేసి ఇంకోదాన్ని దెయ్యాన్ని చేయడం ఎలా కుదురుతుంది?

కుదురుతుందనేవాళ్ళ దగ్గర ఒక బలమైన మాట ఉంది. పిట్ట పురుగులు కూడా తింటుంది, వేరే పండ్లూ తింటుంది. సింగపూర్ చెర్రీ అని మా వీధిలో పిలిచే చెట్టు మీద రోజంతా ఇదే పిట్ట ఉంటుంది. బదనిక లేకపోయినా పిట్ట ఎలాగో బతుకుతుంది, పిట్టలు లేకపోతే బదనిక అంతరిస్తుంది. కాబట్టి ఇద్దరూ సమానం కాదు, అవసరం మొక్కదే, పిట్ట వచ్చిపోయే చుట్టం మాత్రమే అంటారు. నిజమే. కానీ అవసరం ఎక్కువ ఉన్నవాడిది తప్పు ఎక్కువ అని ఎక్కడుంది? పిట్టకు వేరే దారి ఉండి కూడా బదనిక పండు కోసమే మామిడి తోటకు వస్తోందంటే, లెక్క ప్రకారం దాని వాటా పెరగాలి కానీ తగ్గకూడదు.

చిన్నాయన మాట

మా చిన్నాయనకు పాలకొండల కింద మామిడి తోట ఉంది. బేనిషా చెట్లు, మా తాత నాటినవి. ఇదంతా ఆయనకు చెప్పాను. పంచె కొసతో మొహం తుడుచుకుంటూ అంతా విని, నన్నొక చెట్టు కిందికి తీసుకుపోయాడు.

“అమ్మీ, నీ పిట్టను నేనేమన్నా అంటినా? అది దాని కడుపు కోసరం వస్తాది. ఇదో ఈ కొమ్మ చూడు. పోయినేడు దీనికి కాయ దిగింది. ఇప్పుడు ఆకు కూడా మనది కాదు. నువ్వు పుస్తకంలో ఏమన్నా రాసుకో, ఈ కొమ్మకు నాకు లెక్క ఎవరు చెప్తారు?”

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. పండ్ల తోటలో బదనికను నరకాల్సిందే. పండు పట్టకముందే, అతుకు కింద ఒక అడుగు దాకా కొమ్మతో సహా కోసేయాలి. పండు పట్టాక కోస్తే అప్పటికే పిట్టలు పంచేసి ఉంటాయి. చిన్నాయన ప్రతి ఏడూ ఆ పని చేయిస్తాడు. పక్క తోటలో మాత్రం బదనిక గుబురుగా వేలాడుతూ ఉంటుంది. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన మాట నాకు పిట్టల పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు. ఆ తోట గుత్తకు ఇచ్చేశారు. గుత్తకు తీసుకున్న మనిషికి కావాల్సింది ఈ ఏటి కాపు. మూడేళ్ళ తర్వాత ఎండిపోయే కొమ్మ కోసం ఇప్పుడు కూలీ పెట్టి ఎత్తు చెట్లెక్కించడు. తోట యజమాని హైదరాబాదులో ఉంటాడు, చెట్టు ముఖం చూడడు. ‘బదనికను పెంచేది పిట్ట ఒక్కటే కాదమ్మీ, గుత్త కూడా’ అన్నాడు చిన్నాయన. రాక్షసి వీడియో తీసినవాళ్ళు ఈ కోణం తీసి ఉంటే నేను కూడా దండం పెట్టేదాన్ని.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఆ రాక్షసి వీడియోకు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టిన కిరాణా కొట్టాయన గల్లాపెట్టెలో, ఎర్రగుడ్డలో చుట్టిన మేడి బదనిక ఉంది. మంచి నక్షత్రం చూసి తెప్పించారట, డబ్బు నిలుస్తుందని. ఆయనే తీసి చూపించారు. మామిడి మీద ఉంటే రాక్షసి, గల్లాపెట్టెలో ఉంటే లక్ష్మి. నేనేమీ అనలేదు, పప్పు తూకం వేయించుకుని వచ్చేశాను.

తోట అవతల

నా అసలు పేచీ తోట గురించి కాదు. తోట బయట ఉన్న బదనిక గురించి. రోడ్డు పక్క కానుగలు, బడి ఆవరణలో వేపలు, కొండ మీది అడవి చెట్లు, వీటి మీద ఉన్నదాన్ని కూడా పెరికేయాలనే ఉత్సాహం ఈమధ్య ఎక్కువైంది. పచ్చదనాన్ని కాపాడుతున్నాం అనుకుని చేస్తున్నారు.

ఆస్ట్రేలియాలో డేవిడ్ వాట్సన్, మాథ్యూ హెర్రింగ్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఈ పనే ప్రయోగంగా చేసి చూశారు. న్యూ సౌత్ వేల్స్‌లో కొన్ని అడవి ముక్కల్లో బదనిక జాతి మొక్కలన్నీ తీసేశారు, కొన్నింటిలో ఉంచారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. మూడేళ్ళయ్యేసరికి తీసేసిన చోట్ల సగటున ఐదో వంతు పక్షి జాతులు కనిపించకుండా పోయాయి. ఏడాది పొడుగునా అడవినే నమ్ముకుని అక్కడే ఉండే జాతులైతే మూడో వంతుకు పైగా పోయాయి. విచిత్రం ఏమిటంటే వెళ్ళిపోయినవి ప్రధానంగా పండ్లు తినే పిట్టలు కావు, పురుగులు తినేవి. వాళ్ళు చెప్పిన కారణం నాకు భలే నచ్చింది. బదనిక నీళ్ళతోపాటు లవణాలు కూడా లాగి ఆకుల్లో దాచుకుంటుంది. మామూలు చెట్లు ఆకు రాల్చే ముందు అందులోని సత్తువను చాలావరకు వెనక్కి లాక్కుంటాయి. బదనిక అంత పిసినారి కాదు, సత్తువ ఉన్న ఆకునే రాలుస్తుంది. ఆ ఆకు కింద కుళ్ళి, పురుగులు పెరిగి, వాటిని తినే పిట్టలు వస్తాయి. పైన లాక్కున్నది కింద పంచుతోందన్నమాట. రుద్ది ఎగిరిపోయే పిట్ట ఇంత తిరిగి ఇస్తుందా? నాకు అనుమానమే.

అది యూకలిప్టస్ అడవి, ఇది పాలకొండల చిట్టడవి, అక్కడి లెక్క ఇక్కడ చెల్లుతుందా అని అడగొచ్చు. అడగాలి కూడా. అక్కడ పోయినట్టే ఇక్కడా ఐదో వంతు పోతాయని నేను అనను. కానీ వ్యాపారం అదే, పాత్రధారులూ దాదాపు వాళ్ళే. అక్కడ గింజలు పంచే పిట్ట కూడా మన ఫ్లవర్‌పెకర్ ప్రజాతిలోదే. ఇక ఇక్కడ నా కళ్ళతో చూసింది ఒకటుంది. మా వీధి చివర కానుగ మీది బదనిక ఆకు అడుగున పసుపు గుడ్లు వరసలుగా పేర్చి ఉంటాయి. అవి జెజెబెల్ సీతాకోకచిలుకవి. రెక్క అడుగున పసుపు, అంచుల్లో కుంకుమ బొట్లలాంటి మచ్చలు. దాని గొంగళిపురుగులు తినేది బదనిక ఆకులే, కానుగ ఆకు మీద పెడితే ముట్టవు. మిద్దెతోటల గ్రూపులో సీతాకోకచిలుకల ఫోటోలకు వచ్చే గుండెకాయలు ఇన్నీ అన్నీ కావు. వాటిలో ఎన్ని బదనిక పెట్టిన బిడ్డలవో లెక్క తీస్తే బాగుండు.

నాకూ ఒక అనుమానం ఉంది, దాచను. మనిషి చెట్లు కొట్టేసి అడవిని పలచన చేసినచోట బదనిక కొన్ని చెట్ల మీదే కుప్ప పడుతుంది. పిట్టకు వాలడానికి అవే మిగులుతాయి కదా. అలాంటి చెట్టు నిజంగానే చచ్చిపోతుంది. అప్పుడు బదనికను వదిలేయమనడం చెట్టును వదులుకోమనడమే అవుతుంది. నాలుగు వేపలే మిగిలిన బడి ఆవరణలో నేనైనా సగం కోయిస్తాను. కానీ దాన్ని చూసి పిట్టను తిట్టకుండా బదనికను మాత్రమే తిట్టడం, చెట్లు కొట్టిన మనల్ని అసలే తిట్టుకోకపోవడం నాకు మింగుడుపడదు.

చిన్నాయన ఇంకో ప్రశ్న వేశాడు, ఇది మొదటిదానికన్నా గట్టిది. “బయట చెట్ల మీద వదలమంటావు. అక్కడ తిన్న పిట్ట నా తోటలోకి వచ్చి రుద్దదా?” రుద్దుతుంది. కానీ గింజ దాని కడుపులో ఉండేది కొన్ని నిమిషాలే. పండ్లున్న చెట్టు వదిలి అది ఎక్కువ దూరం పోదు కాబట్టి, ఎక్కువ గింజలు అదే చెట్టు మీదో పక్క చెట్టు మీదో పడతాయి. ఇప్పటికే బదనిక పట్టిన చెట్టుకే మళ్ళీ మళ్ళీ పట్టడానికి కారణం ఇదే. అంటే గట్టు మీది వేప ప్రమాదమే, కొండ మీది చెట్టు అంత ప్రమాదం కాదు. ఈ లెక్క విని చిన్నాయన గట్టు మీది వేపలకు పట్టిన బదనికను కోయించాడు, నేను వద్దనలేదు. వాగు అవతలి చెట్ల జోలికి పోలేదు. నా వాదన నెగ్గిందనుకోకండి, అక్కడిదాకా కూలీ దండగని పోలేదు.

ఇప్పుడు గ్రూపులో ఒక అర్జీ తిరుగుతోంది. ఊళ్ళో రోడ్ల పక్క ఉన్న చెట్లన్నింటి మీది బదనికను తీయించమని మున్సిపాలిటీకి ఇస్తారట. ‘చెట్లన్నింటి మీది’ అని ఉన్నచోట ‘పండ్ల తోటలకు ఆనుకుని ఉన్న చెట్ల మీది, ఎండిపోతున్న చెట్ల మీది’ అని మారిస్తే సంతకం పెడతానన్నాను. అర్జీ రాసినాయన ఇంతవరకు మార్చలేదు, నేనూ సంతకం పెట్టలేదు.